తుపాకిలో చెక్క పుల్ల

నీటి పక్షుల వేటకు ఏ తుపాకి పనికొస్తుందో అమెరికా వేటగాళ్లు చెప్పుకునే వీడియో ఒకటి మా పదో తరగతి పిల్లవాడు ఫోన్లో చూపించాడు. మన దగ్గర ఆ వేట నేరం. 1972 వన్యప్రాణి చట్టం ఉంది. అడవి మీద మనకు హక్కులిచ్చిన 2006 చట్టం కూడా వేటను మాత్రం పక్కన పెట్టింది. కాబట్టి తుపాకి మీద మోజుతో ఇది రాయడం లేదు. ఆ వీడియోలో ఒక సంగతి మమ్మల్ని ఆపింది.

వాళ్ల పన్నెండు బోరు పంపు తుపాకిలో తూటాలు ఎక్కువే పడతాయి. అయినా వలస బాతుల వేటకు వెళ్తే మొత్తం మూడుకు మించి పట్టకుండా గొట్టంలో చెక్క పుల్లలాంటిది పెట్టాలి. 1935 నుంచి అక్కడ అదే నిబంధన. 1991 నుంచి బాతుల మీద సీసపు గుండ్లు కూడా కాల్చకూడదు. చెరువు అడుగున పడ్డ సీసాన్ని బాతులు రాళ్లనుకుని మింగి, విషమెక్కి చచ్చేవి. పుల్ల పెట్టమన్నది చట్టమే, నిజమే. కానీ తెల్లవారుజామున మడుగు దగ్గర చూసేదెవరు? తీసేయొచ్చు. తీయనివాడి గురించే మా ఆలోచన.

"మన పెద్దలకు ఆ పుల్ల అక్కర్లేదు కదా సార్, కావలసినంతే కొట్టేవాళ్లు" అన్నాడు పిల్లవాడు. తరగతిలో మేమే అలా చెబుతుంటాం. ఆ రోజు అవునని అనలేకపోయాం. నాటు తుపాకిలో మందు పోయాలి, పీచు కుక్కాలి, గుండ్లు వేయాలి, మళ్లీ కుక్కాలి. ఈలోగా గుంపు ఏరు దాటిపోతుంది. రెండో దెబ్బ వేయకపోవడం దయా, వీలుకాకపోవడమా? కొట్టలేక ఆగినదాన్ని నీతి అని పిల్లలకు నేర్పవచ్చా?

శబరి ఒడ్డున మా ఊళ్లో ఒక తాతను అడిగాం. ఆయన నవ్వాడు.

"వలలో పడితే ఇరవై అయినా తెచ్చేవాళ్లమయ్యా."

కాస్త ఆగి, "గుడ్ల మీద కూర్చున్నదాన్ని మాత్రం ముట్టేవాళ్లం కాదు. అది చేతికందేంత దగ్గర్లోనే ఉండేది" అన్నాడు.

మేము వెతికింది ఆ రెండో మాటలో దొరికింది. అయినా మొదటిది దాచలేదు, పిల్లవాడికి రెండూ చెప్పాం. అతను రెండోదాన్ని పట్టించుకోలేదు. ఆ ఇరవై పక్షుల్ని ఎన్ని ఇళ్లకు పంచారని అడిగాడు.

అది మేము అడగలేదు. ఈ ఆదివారం తాత దగ్గరికి మళ్లీ వెళ్లాలి, ఈసారి వాణ్ణి వెంటబెట్టుకుని.