కోడి ప్రాణం, రైతు నిజం: పాపం ఎవరి ఖాతాలో?

ధర్మవ్యాధుడి కథ విన్న ప్రతిసారీ మనసులో ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ప్రాణం తీయడం పాపం అంటాం. మరి బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు షెడ్డులో ఉన్న కోళ్లన్నిటినీ, జబ్బు లేనివాటితో సహా చంపి గోతిలో పూడ్చేస్తారు కదా, ఆ పాపం ఎవరి ఖాతాలో పడుతుంది? చంపిన చేతులకా? పెంచిన రైతుకా? కొనుక్కుని తినే జనానికా? లేక ఎక్కడినుంచో ఎగిరొచ్చిన పిట్టకా?

ఇదేదో దూరదేశం సంగతి కాదు. 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి జిల్లా తణుకు మండలం వేల్పూరులో, తూర్పు గోదావరి జిల్లా పెరవలి మండలం కానూరులో ఫారాల్లో కోళ్లు గుట్టలుగా చచ్చిపోయాయి. శాంపిళ్లు భోపాల్‌లోని జాతీయ ల్యాబ్‌కి పంపితే హెచ్5ఎన్1 అని తేలింది. వెంటనే తెలంగాణ ప్రభుత్వం సరిహద్దుల్లో చెక్‌పోస్టులు పెట్టింది. విజయవాడ హైవే మీద కోదాడ దాటాక వచ్చే రామాపురం క్రాస్‌రోడ్ దగ్గర, ఇటు మిర్యాలగూడ నుంచి గుంటూరు వైపు వెళ్లే దారిలో కృష్ణ ఒడ్డునున్న వాడపల్లి దగ్గర, ఆంధ్ర నుంచి వచ్చే కోళ్ల బండ్లను ఆపి వెనక్కి పంపారు. అదే నెల 16న సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో పెద్దగట్టు జాతర మొదలైంది. రెండేళ్లకోసారి వచ్చే ఆ లింగమంతుల స్వామి జాతరకి లక్షల మంది "ఓ లింగా" అనుకుంటూ గట్టు ఎక్కుతున్న రోజుల్లోనే, అదే హైవే మీద కోళ్లబండ్ల కోసం కాపలా కాశారు.

చెక్‌పోస్టు లారీని ఆపగలదు, వైరస్‌ని పూర్తిగా ఆపలేదు. ఆ నెలలోనే అదే హైవే మీదున్న చౌటుప్పల్ మండలంలోని నేలపట్లలో బర్డ్ ఫ్లూ బయటపడింది. మార్చిలో పల్నాడు జిల్లా నరసరావుపేటకి చెందిన రెండేళ్ల పాప ఈ వైరస్ సోకి చనిపోయింది. కాబట్టి "కోళ్ల జబ్బే కదా" అని పక్కన పెట్టే విషయం కాదిది.

ముందు పిట్ట సంగతి చూద్దాం

"వలస పక్షులు తెచ్చాయి" అనే మాట ప్రతిసారీ వింటాం. అది సగం నిజం. అడవి నీటిపక్షుల్లో ఫ్లూ వైరస్‌లు ఎప్పటినుంచో ఉన్నాయి, చాలావరకు వాటికి పెద్దగా హాని చేయకుండానే. అలాంటి వైరస్ ఒక్కసారి షెడ్డులో పడితే కథ మారుతుంది. అక్కడ వేల కోళ్లు, ఒకే జాతివి, ఒకే వయసువి, ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని ఉంటాయి. ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకుతూ దూకుతూ వైరస్ ముదిరిపోతుంది. ఇప్పుడు మనం చూస్తున్న ఈ హెచ్5ఎన్1 వంశాన్ని మొదట గుర్తించింది 1996లో, చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో, మనుషులు పెంచుతున్న పెద్దబాతుల్లోనే.

అలా ముదిరిన వైరస్ తిరిగి ఆకాశంలోకి వెళ్లింది. 2021 జనవరిలో హిమాచల్‌ప్రదేశ్‌లోని పాంగ్ డ్యామ్ దగ్గర వలస బాతులు వేల సంఖ్యలో చచ్చిపోయాయి. వాటిలో ఎక్కువ శాతం తల వెనక రెండు నల్ల చారలుండే జాతివి. టిబెట్ సరస్సుల నుంచి హిమాలయాలు దాటి మన దేశానికి వచ్చే ఈ పక్షే మన కావ్యాల్లోని హంస అని చెప్పేవాళ్లు ఉన్నారు. సరస్వతీదేవి వాహనమని మనం దణ్ణం పెట్టే పక్షి అన్నమాట. 2023లో అర్జెంటీనా తీరంలో సముద్రపు సీల్ పిల్లలు కూడా ఈ వైరస్‌కే వేలల్లో చనిపోయాయి. పిట్ట మనకి తెచ్చిందనేది ఎంత నిజమో, మనం పిట్టకి ఇచ్చామనేది కూడా అంతే నిజం.

చంపడం పాపమా?

ఇప్పుడు మహాభారతం అరణ్యపర్వంలోని ఆ కథకి వద్దాం. కౌశికుడు చెట్టు కింద కూర్చుని వేదం చదువుకుంటుంటే పైనుంచి ఒక కొంగ రెట్ట వేసింది. ఆయన కోపంగా తలెత్తి చూశాడు. అంతే, అది ప్రాణం పోయి కింద పడింది. అంత తపస్సు చేసిన మనిషికి చివరికి ధర్మం చెప్పింది ఎవరు? మిథిలలో మాంసం అమ్ముకునే వ్యాధుడు. ఆయన చెప్పినదాని సారం ఇది: నాగలి పట్టి దున్నితే నేలలో ఎన్నో ప్రాణాలు పోతాయి. నడిస్తే కాలి కింద పోతాయి. హింస అస్సలు అంటకుండా బతికేవాడు ఈ లోకంలో లేడు. కాబట్టి ఎవడికి వాడు తన వల్ల జరిగే హింసని తగ్గించుకుంటూ, తన పని నిజాయితీగా చేసుకోవాలి.

గమనించారా, ఒకే కథలో రెండు రకాల చావులు పక్కపక్కనే ఉన్నాయి. కొంగ చనిపోయింది కోపం వల్ల. ఆ చావుతో ఎవరికీ ఏ ఉపయోగమూ లేదు. అంగట్లో ఉన్న మాంసం వెనక కోపం లేదు, బతుకుతెరువు ఉంది. కథ మనల్ని అడుగుతున్నది ప్రాణం పోయిందా లేదా అని మాత్రమే కాదు, ఏ మనసుతో, ఎంత అవసరంతో పోయింది అని కూడా.

బర్డ్ ఫ్లూ తేలిన ఫారంలోకి పశుసంవర్ధక శాఖ సిబ్బంది ఒంటినిండా ప్లాస్టిక్ సూట్లు వేసుకుని వెళ్తారు. తమకి సోకకుండా ముందే మందులు వేసుకుంటారు. కోళ్లను చంపి, గోతిలో వేసి, సున్నం చల్లి పూడుస్తారు. కిలోమీటరు లోపలున్న కోళ్లన్నిటికీ ఇదే గతి. పది కిలోమీటర్ల వరకు నిఘా ఉంటుంది. వదిలేస్తే ఆ కోళ్లలో దాదాపు అన్నీ కొన్ని రోజుల్లోనే ఊపిరాడక నరకం చూసి చస్తాయి. ఈలోగా పక్క ఊరికి, కాకులకి, కొంగలకి, మనుషులకి వైరస్‌ని పంచుతాయి. 2025లో ఇది జరిగేనాటికి మన దేశంలో కోళ్లకి హెచ్5ఎన్1 టీకా వేసే అనుమతి కూడా లేదు. కాబట్టి ఆ గోతి దగ్గర నిలబడిన ఉద్యోగిని పాపాత్ముడు అనడానికి నాకు నోరు రాదు. ఇష్టం లేని పనిని, అందరి తరఫున, అతను చేస్తున్నాడు.

కానీ "తప్పదు" అనే మాటని మనం చాలా తేలిగ్గా వాడేస్తాం. ఆ రోజు తప్పదు, సరే. ఆ రోజు రాకుండా చూసే అవకాశం అంతకుముందు ఎన్ని రోజులుంది? అసలు ప్రశ్న అక్కడ మొదలవుతుంది.

నిజం చెప్పేవాడి కష్టం

ఒక రైతుని ఊహించుకోండి. కోదాడ దగ్గరో, మిర్యాలగూడ దగ్గరో అప్పు చేసి షెడ్డు వేశాడు. పొద్దున వెళ్లేసరికి ఇరవై కోళ్లు చచ్చి పడున్నాయి. మర్నాటికి రెండొందలు. ఇప్పుడు పశువుల డాక్టర్‌కి ఫోన్ చేస్తే, జబ్బు తేలితే, తన షెడ్డుతోపాటు పక్కవాళ్ల కోళ్లు కూడా పోతాయి. ఊరంతా "నీవల్లే" అంటుంది. ఫోన్ చేయకపోతే? చచ్చినవాటిని చీకట్లో కాలువలో పడేసి, బతికున్నవాటిని తెల్లారేలోగా లారీ ఎక్కించేయొచ్చు. డబ్బు చేతికొస్తుంది, వైరస్ ఊళ్లు తిరుగుతుంది.

చంపిన కోళ్లకి ప్రభుత్వం పరిహారం ఇస్తుంది, సగం కేంద్రం, సగం రాష్ట్రం. జబ్బుతో ముందే చచ్చినవాటికి మాత్రం ఇవ్వరు. అంటే ఎంత తొందరగా నిజం చెబితే అంత దక్కుతుంది. రూల్ మంచిదే. కానీ మన దగ్గర చాలామంది బ్రాయిలర్ రైతులు కంపెనీల కోసం పెంచుతారు. పిల్ల, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, కష్టం రైతువి. బరువు లెక్కన పెంపకం కూలి వస్తుంది. పరిహారం కోడి ఎవరిదైతే వాళ్లకి. మరి తర్వాత నెలల తరబడి ఖాళీగా ఉండే షెడ్డుకి, ఆగని బ్యాంకు కిస్తీకి ఎవరు కడతారు?

సత్యం అనగానే మనకి హరిశ్చంద్రుడు గుర్తొస్తాడు. ఆలుబిడ్డల్ని అమ్ముకున్నా, కాటికాపరిగా మారినా మాట తప్పలేదని పొగుడుతాం. పొగడడం తేలికే. మన పక్క పొలంవాడు హరిశ్చంద్రుడైతే అతని అప్పులో చెయ్యి వేయడానికి ఎంతమందిమి వెళ్తాం?

మా సాఫ్ట్‌వేర్ ఫీల్డ్‌లో ఒక అలవాటుంది. సర్వర్ పడిపోతే, అంతా సర్దుకున్నాక మీటింగ్ పెట్టుకుంటాం. అందులో మొదటి రూల్, సమస్యని ముందుగా బయటపెట్టినవాడిని తిట్టకూడదు. తిడితే రెండోసారి ఎవరూ నోరు విప్పరు. ఐటీ కంపెనీకి తెలిసిన ఈ చిన్న విషయం ఊరికి, ప్రభుత్వానికి, కోళ్ల కంపెనీకి ఇంకా బాగా తెలియాలి.

శిబి చక్రవర్తి దగ్గర త్రాసు

శిబి కథ మనందరికీ తెలుసు. పావురం వచ్చి శరణు వేడింది. వెనకే డేగ వచ్చి "అది నా తిండి" అంది. శిబి దయ గురించి చాలా చెప్తారు, నాకు మాత్రం ఆయన న్యాయం ఇంకా గొప్పగా అనిపిస్తుంది. డేగని తరిమేయలేదు. దాని ఆకలి కూడా నిజమేనని ఒప్పుకున్నాడు. పావురాన్ని కాపాడే ఖర్చుని డేగ నెత్తిన పెట్టకుండా, తన తొడ కోసి త్రాసులో పెట్టాడు.

ఊరిని కాపాడటానికి ఒక రైతు కోళ్లన్నీ పోవాల్సి వచ్చినప్పుడు, మన త్రాసులో మనం ఏం పెడుతున్నాం? సాధారణంగా ఏమీ లేదు. బర్డ్ ఫ్లూ అని వినగానే చికెన్ మానేస్తాం, ధర పడిపోతుంది, జబ్బే లేని ఊళ్ల రైతులు కూడా మునిగిపోతారు. 2025లో జనం భయం పోగొట్టడానికి కొన్నిచోట్ల ఫ్రీ చికెన్ మేళాలు పెట్టాల్సి వచ్చింది. ఫ్రీ అనగానే క్యూ కట్టారు కూడా. నిజానికి 70 డిగ్రీలు దాటి లోపలిదాకా బాగా ఉడికితే ఈ వైరస్ బతకదు.

"నేను శాకాహారిని, నాకు సంబంధం లేదు" అనుకునే మిత్రులకి ఒక మాట. మీ నియమం గొప్పది, దాన్ని వదలకండి. కానీ ఈ వైరస్ వల్ల మీ చెరువుగట్టు మీద కొంగ చనిపోతుంది, పిండం పెట్టినప్పుడు మీరు పిలిచే కాకి చనిపోతుంది. తినకపోవడం మొదటి మెట్టు. పక్కవాడి నష్టాన్ని పంచుకోవడం దాని పైది.

మన వంతు పెద్దదేమీ కాదు. చచ్చిన పక్షి కనపడితే ముట్టుకోకుండా పశువుల ఆసుపత్రికి ఫోన్ చేద్దాం. తెలియని వార్తని వాట్సాప్‌లో తోయకుండా ఉందాం. తినేవాళ్లం బాగా ఉడికించి తిందాం, కాస్త తక్కువ తిని, శుభ్రంగా, విశాలంగా పెంచినదానికి నాలుగు రూపాయలు ఎక్కువిద్దాం. అన్నిటికన్నా ముఖ్యంగా, మన ఊళ్లో ఎవరైనా "నా ఫారంలో కోళ్లు చస్తున్నాయి" అని ముందుకొస్తే, వాణ్ని తిట్టకుండా, వాడి పరిహారం కోసం వాడితోపాటు మనం కూడా ఆఫీసు మెట్లు ఎక్కుదాం.

ఇంక మొదటి ప్రశ్న. కోళ్ల పాపం ఏ ఒక్కరి ఖాతాలోనో వేసి చేతులు దులుపుకునే వీల్లేదని నాకనిపిస్తోంది. చౌకగా కావాలన్న మనకి, ఇరుకుగా పెంచిన వ్యవస్థకి, దాచిపెట్టినవాడికి, చెప్పినవాడిని ఒంటరిగా వదిలేసిన ఊరికి, తలా ఇంత. ఆ నలుగురి లెక్కలో మన వంతు తగ్గించుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది.