గుంపుకు గునా ఉంటుందా?

జబ్బు సంగతి మాకు మొదట స్కోరు లాగే తెలిసింది. 2020 ఫిబ్రవరి ఆఖరి రోజుల్లో గాజులరామారం, షాపూర్‌నగర్, చింతల్ హోటళ్లలో చాయ్ ముందు కూర్చున్న ఫుట్‌బాల్ పిచ్చోళ్లకు చైనా దూరం, ఇటలీ దగ్గర. వూహాన్ ఎటు దిక్కున ఉందో చెప్పలేని కుర్రాడికి బెర్గామో తెలుసు. అటలాంటా జట్టుది ఆ ఊరే కదా! 'ఆజ్ ఇటలీ మే కిత్తే మియా?' అని ఒకడు అడిగితే, ఫోన్‌లో చూసి ఇంకొకడు అంకె చెప్పేవాడు. రెండో రోజు ఆ అంకె పెరిగేది. స్పెయిన్ వెనకబడి ఉందని, తొందరలోనే అందుకుంటుందని లెక్కలు వేసేవాళ్లు. దీన్ని కఠిన హృదయం అనడం తేలిక. మనిషి తనకు చేతనైన భాషలోనే భయపడతాడు. మా వాళ్లకు చేతనైంది ఆట భాష.

కాని స్కోరు భాషలో ఒక ఇరకాటం ఉంది. స్కోరు అన్నాక రెండు జట్లుండాలి. మనవాళ్లు ఒకవైపు, అవతలివాళ్లు ఇంకోవైపు. జబ్బుకు జట్టు లేదు, జెర్సీ లేదు. అవతలి జట్టు ఏదని మా హోటళ్లలో వెతికితే దొరకలేదు. మార్చి ఆఖరుకు దేశమంతా వెతికింది. దొరికింది.

అక్కడికి పోయే ముందు మేమెవరమో చెప్పాలి. గాజులరామారం ఫుట్‌బాల్ ఊరు కాదు. కుత్బుల్లాపూర్ మండలంలో, జీడిమెట్ల పారిశ్రామికవాడ పక్కన, రాళ్లగుట్టల మధ్య ఒకదాని మీద ఒకటి లేచిన ఇళ్లు. బీహార్, ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చిన కూలీలు, జిల్లాల నుంచి వచ్చిన మాలాంటి వాళ్లు. మా పిల్లలు వెల్డింగ్ షాపుల్లో, ప్లాస్టిక్ అచ్చుల దగ్గర, ఆటోల్లో ఉంటారు. వాళ్లకు ముందు క్రికెట్టే. అయినా ఫుట్‌బాల్ మాకు జాయిదాద్‌లా వచ్చింది. ఇల్లూ వాకిలీ ఇవ్వలేని తాతలు ఇచ్చిపోయిన జాయిదాద్ అది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. దాన్ని తీర్చిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన చేతికింద భారత జట్టుకు నాలుగో స్థానం. తర్వాత కలకత్తా మైదానాలు ఏలిన నయీముద్దీన్, హబీబ్, అక్బర్. 1948 తర్వాత ఈ నగరంలో ముస్లిం అనే మాటకు అనుమానం తోకలా అంటుకున్న కాలంలో, ఈ పేర్లు చెప్పుకుని తల ఎత్తిన వాళ్ల మనవళ్లం మేము. మాకు ఫుట్‌బాల్ కాలక్షేపం కాదు. మా వఫాదారీకి అడక్కుండా దొరికిన సాక్ష్యం.

ఆ జాయిదాద్‌లో ఒక కథ ఉంది. 1962 సెప్టెంబర్ 4, జకార్తా. ఏషియన్ గేమ్స్ ఫైనల్. మైదానం నిండా మన జట్టును గేలిచేసే జనం. రహీం సాబ్‌ను అప్పటికే కాన్సర్ లోపలినుంచి తినేస్తోంది. జర్నైల్ సింగ్ తలకు కుట్లు. గోల్‌కీపర్ తంగరాజ్ ఫ్లూ జ్వరం పడి లేచినవాడు. అయినా అందరూ దిగారు. దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. మరుసటి ఏడు జూన్‌లో రహీం సాబ్ పోయారు. ఈ కథ మా ఇళ్లలో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. కథ చెప్పే పెద్దమనిషి గొంతు తంగరాజ్ జ్వరం దగ్గరికి రాగానే పెరుగుతుంది. జ్వరంతో ఆడినవాడు మర్దు. జ్వరమని ఇంట్లో పడుకున్నవాడి పేరు ఎవరికీ గుర్తుండదు.

2020లో ఈ నీతి తలకిందులైంది. జ్వరంతో వచ్చినవాడు వీరుడు కాడు, పక్కవాడి ప్రాణానికి ముప్పు. ఇంట్లో కూర్చున్నవాడే మేలు చేసినవాడు. ఎన్నో ఏళ్లుగా ఒంటికి పట్టిన నీతిని ఒక్క వారంలో మార్చుకోమంటే ఎట్లా? ఫ్యాక్టరీలో మా వాళ్ల సంగతీ అంతే. జ్వరమొచ్చినా డ్యూటీకి పోయినవాడే మంచి కార్మికుడు, పోకపోతే ఆ రోజు కూలీ కట్. ఆటలో మెచ్చుకోలు, షాపులో కోత, ఇవి రెండూ కలిసి మా వాళ్లకు ఒకటే పాఠం చెప్పి ఉన్నాయి. జబ్బును దాచాలి. మహమ్మారి గురించి రాసిన మేధావులు 'ప్రజల్లో అవగాహన లోపం' అని ఒక ముక్కలో తేల్చారు. అవగాహన లేక కాదు. ఉన్న అవగాహన వేరే లోకానికి పనికొచ్చేది.

ఇక ఆ మ్యాచ్‌ల సంగతి. ఫిబ్రవరి 19న అటలాంటా, వాలెన్సియా జట్లు మిలాన్‌లోని సాన్ సిరో మైదానంలో ఆడాయి. బెర్గామో నుంచి నలభై వేలకు పైగా జనం బస్సుల్లో, రైళ్లలో తరలిపోయారు. వాళ్ల చిన్న ఊరి జట్టుకు అంతకన్నా పెద్ద రోజు లేదు. 4-1తో గెలిచారు. కౌగిలించుకున్నారు, ముద్దులు పెట్టుకున్నారు, గొంతులు పోయేదాకా అరిచారు. తర్వాత వారాల్లో బెర్గామోలో శవపేటికలు సైన్యం లారీల్లో వెళ్లాయి. ఆ మ్యాచ్ జబ్బుకు బాంబులా పనిచేసిందని ఆ ఊరి మేయరే అన్నాడు. అంతా ఆ ఒక్క మ్యాచ్ వల్లే అనడం కుదరదు, ఆస్పత్రుల్లో జరిగిన అంటు కూడా ఉంది. అయినా ఆ నలభై వేల మంది సంతోషం మీద జబ్బు స్వారీ చేసిందన్నది నిజం. మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మహమ్మారి అని ప్రకటించింది. ఆ రాత్రే లివర్‌పూల్‌లో యాభై వేల మంది ముందు మ్యాచ్ జరిగింది. స్పెయిన్‌లో అప్పటికే ఖాళీ గ్యాలరీల ముందు ఆడుతున్నారు. కాని మాడ్రిడ్ నుంచి సుమారు మూడు వేల మంది అభిమానులు ఇంగ్లండ్ వచ్చి కూర్చున్నారు. ఆపాల్సినవాళ్లు ఆపలేదు. మన దగ్గర మార్చి 14న గోవాలో ఐఎస్‌ఎల్ ఫైనల్ ఖాళీ మైదానంలో జరిగింది. కలకత్తా జట్టు చెన్నై మీద 3-1తో గెలిచింది. టీవీలో ఆటగాళ్ల కేకలు మాత్రమే వినిపించాయి. 'అబ్ డర్ లగ్‌రా' అన్నాడు మా వాడొకడు. అంకెలకు భయపడనివాడు ఖాళీ కుర్చీలకు భయపడ్డాడు.

ఆ మార్చి మొదట్లో లివర్‌పూల్ కోచ్ యుర్గెన్ క్లాప్‌ను విలేకరి ఈ జబ్బు గురించి అడిగితే ఆయన విసుక్కున్నాడు. పేరున్నవాడు చెప్పేది ఇందులో ముఖ్యం కాదు, తెలిసినవాళ్లను అడగండి అన్నాడు. మా హోటళ్లలో ఈ మాట బాగా పేలింది. సరిగ్గా అదే వారంలో మన అసెంబ్లీలో ముఖ్యమంత్రి నోటే పారాసిటమాల్ చాలన్న మాట, వేడికి వైరస్ నిలవదన్న మాట వినిపించాయి. కోచ్ తన హద్దు ఎరిగినంత మాత్రం ఎరిగిన నాయకులు ఆ నెలలో తక్కువే కనిపించారు.

ఇప్పుడు అసలు సంగతి. మార్చి 13న ఢిల్లీ ప్రభుత్వం క్రీడల గుంపుల్ని ఆపింది. మత సమావేశాలతో సహా యాభై మందికి మించిన గుంపుల్ని ఆపింది మార్చి 16న. ఈ మధ్యలో నిజాముద్దీన్ మర్కజ్‌లో తబ్లీగీ జమాత్ ఇజ్తెమా జరిగింది. ఆ తర్వాత రైళ్లు ఆగిపోయాయి, వందల మంది ఆ భవనంలోనే ఉండిపోయారు. మార్చి 30 రాత్రి, అక్కడికి వెళ్లొచ్చిన ఆరుగురు తెలంగాణలో చనిపోయారని మన ముఖ్యమంత్రి కార్యాలయం ప్రకటించింది. మర్నాటినుంచి స్కోరుబోర్డు మారింది. ఢిల్లీ ప్రభుత్వ బులెటిన్‌లో మర్కజ్‌కు వేరే గడి పెట్టారు. ఏప్రిల్ 18న కేంద్ర ఆరోగ్య శాఖ దేశంలోని 14,378 కేసుల్లో 4,291 ఆ సమావేశానికి సంబంధించినవేనని చెప్పింది. పరీక్షలు దొరకని ఆ రోజుల్లో ఎవరిని వెతికి వెతికి పరీక్షించారో వాళ్ల అంకె పెరుగుతుందన్న మాట మాత్రం ఆ గడిలో పట్టలేదు. టీవీల్లో జబ్బుకు జిహాద్ అని పేరు పెట్టారు. అవతలి జట్టు దొరికేసింది.

మా గల్లీలో ఒక అరటిపండ్ల బండి ఆయన ఉన్నాడు. పాత పోలీస్ జట్టు ఆటగాళ్ల పేర్లు వరస తప్పకుండా చెప్తాడు. పదకొండేళ్లుగా ఒకే కాలనీలో అమ్ముతున్నాడు. ఏప్రిల్ మొదటి వారంలో రోజూ పండ్లు కొనే ఆమె గేటు లోపలే నిలబడి, 'నీ పేరేంది?' అని మొదటిసారి అడిగింది. పదకొండేళ్లు 'అరటిపండ్లాయనా' అన్నది. ఆయన పేరు చెప్పాడు. అబద్ధం చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదంటాడు. ఆమె లోపలికి పోయింది.

బెర్గామో అభిమానుల్ని చూసి లోకం ఏడ్చింది. మా గుంపును చూసి ఉమ్మింది. రెండు గుంపుల్లోనూ తెలియనివాళ్లున్నారు, ఇష్టమైన చోట ఇష్టమైన వాళ్లతో భుజం తగిలించి నిలబడ్డారు. మరి తేడా ఎక్కడ? ఒకటి ఆట, ఒకటి ఇబాదత్ అన్నది తేడా కాదు. గుంపుకు గునా అంటగట్టాలంటే దానికి ఒక కొలత కావాలి. ఎవరికి ఎప్పుడు ఏం తెలుసు? ఆపే అధికారం ఎవరి చేతిలో ఉంది? తెలిశాక ఏం చేశారు? ఈ కొలత పెడితే టికెట్టు కొన్నవాడికన్నా మ్యాచ్ జరగనిచ్చినవాడి వాటా పెద్దది. ఇజ్తెమాకు వెళ్లిన కూలీకన్నా నిర్వాహకుల వాటా పెద్దది, వీసాలిచ్చి, విమానాలు దింపి, చివరిదాకా చూస్తూ ఊరుకున్నవాళ్ల వాటా ఇంకా పెద్దది. అదే కొలత మా వాళ్లకూ పెట్టాలి. ఏప్రిల్‌లో, అంతా తెలిశాక కూడా, నమాజీకి జబ్బు అంటదని వాదించినవాళ్లు మాలో ఉన్నారు. మా మైదానంలో మమ్మల్ని ఎవరూ ఓడించలేరనే అభిమాని మొండితనం లాంటిదే అది. వాళ్లను వెనకేసుకు రావాల్సిన అవసరం మాకు లేదు. కాని ఆ వాదించినవాడి గునాకు అరటిపండ్లాయన జుర్మానా కట్టడం ఏ షరీయత్‌లో ఉంది, ఏ రాజ్యాంగంలో ఉంది?

ఆ మొండివాళ్లకు జవాబు మా చరిత్రలోనే ఉంది. హజ్రత్ ఉమర్ షామ్ దేశానికి పోతుండగా అక్కడ ప్లేగు పుట్టిందని దారిలో కబురొచ్చింది. సహాబాలను సలహా అడిగి ఆయన వెనక్కి తిరిగాడు. అల్లా తఖ్దీర్ నుంచి పారిపోతున్నావా అని అబూ ఉబైదా అడిగితే, ఒక తఖ్దీర్ నుంచి ఇంకో తఖ్దీర్ వైపే పోతున్నానన్న అర్థంలో జవాబిచ్చాడు. రోగమున్న ఊరికి పోవద్దు, ఉన్న ఊరు విడవొద్దు అన్న ప్రవక్త మాట అక్కడే ఇంకొక సహాబీ గుర్తుచేశాడు. మా మస్జిద్ ఇమామ్ సాబ్ మైకులో ఇది చెప్పిన రోజు గొణుగుడు తగ్గింది. ఆ రంజాన్‌లో తరావీ ఇళ్లల్లోనే. మే 25 ఈద్‌కు ఈద్గా ఖాళీ. అంతకు ముందు మే 16న జర్మనీలో ఖాళీ గ్యాలరీల ముందు ఆట మళ్లీ మొదలైంది. ఇక్కడ ఇఫ్తార్ అయిన కాసేపటికే. డార్ట్‌మండ్ ఆటగాళ్లు గోల్ కొట్టి దూరదూరంగా నిలబడి మోచేతులు తగిలించుకున్నారు. భుజానికి భుజం ఆనించి సఫ్‌లో నిలబడే అలవాటున్నవాళ్లకు ఆ దృశ్యం నవ్వు తెప్పించలేదు.

ఆ రోజుల్లోనే మేడ్చల్ మీదుగా నాగపూర్ రోడ్డున కూలీలు నడిచిపోయారు. మే 1న లింగంపల్లి నుంచి హటియాకు మొదటి శ్రామిక్ రైలు కదిలింది, సుమారు పన్నెండు వందల మందితో. మిగతావాళ్లకు రోడ్డే దిక్కు. జీడిమెట్లలో పనిచేసే బెంగాలీ కుర్రాళ్లలో మోహన్ బగాన్ వాళ్లున్నారు, ఈస్ట్ బెంగాల్ వాళ్లున్నారు, మహమ్మడన్ వాళ్లున్నారు. మార్చి 15న జరగాల్సిన కలకత్తా డెర్బీ కోసం పందాలు కాసుకున్నవాళ్లు. ఆ మ్యాచ్ జరగలేదు. ఏప్రిల్‌లో లీగ్ ఆపేసి మోహన్ బగాన్‌నే విజేతగా ప్రకటించారు. పందెం డబ్బులు ఎవరికి చెందాలో తేలకుండానే కుర్రాళ్లు కలిసి నడిచారు. వాళ్లకు పులిహోర పొట్లాలిచ్చిన వాళ్లలో అన్ని కులాలవాళ్లూ ఉన్నారు, మా తబ్లీగీ వాళ్లూ ఉన్నారు.

2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీల మీద కేసులు కొట్టేసింది. వాళ్లను బలిపశువుల్ని చేశారన్నట్టు రాసింది. ఢిల్లీలో వాళ్లకు ఆశ్రయమిచ్చారన్న డెబ్భై మంది భారతీయుల మీది కేసులు ఢిల్లీ హైకోర్టులో కొట్టివేతకు 2025 జూలై దాకా పట్టింది. గడి గీసినప్పుడు మొదటి పేజీ, చెరిపినప్పుడు లోపలి పేజీ. పత్రికల్లోనే పనిచేస్తాం కనుక ఈ లెక్క మాకు కొత్త కాదు.

2022 మార్చి 20న గోవాలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ గెలిచింది. గ్యాలరీల్లోకి మళ్లీ జనాన్ని రానిచ్చారు. కేరళ అభిమానులు పసుపు రంగుతో నింపేశారు, కాని ఆ రోజు పసుపు జెర్సీ మనవాళ్లది. 1-1 తర్వాత పెనాల్టీల్లో కట్టిమని గోల్‌పోస్టు ముందు గోడైపోయాడు. ఆ క్లబ్బు కూడా 2025లో ఢిల్లీకి తరలిపోయింది, అది వేరే దుఃఖం. ఆ రాత్రి అరటిపండ్లాయన కొడుకు ఫోన్‌లో మ్యాచ్ చూసి, తంగరాజ్ అయితే మొదటి గోల్ కూడా పట్టేవాడన్నాడు. పొద్దున లేచి బండి తీశాడు. 2020 నుంచి అది సూరారం వైపే పోతుంది. పాత కాలనీ ఆమె రెండుసార్లు కబురు పంపింది, పండ్లు బాగుండేవని. ఆయన పోలేదు. కోపమా అంటే కాదంటాడు, సూరారంలో బేరం బాగుందంటాడు.