చెప్పనని ఇచ్చిన మాట

మా హోసూరులో నన్ను ఇప్పటికీ డ్రిల్లు అయ్యవారనే పిలుస్తారు. ఉద్యోగం విరమించాక, సాయంత్రం బడి వదిలిన తర్వాత మా పేట పిల్లల్ని పది పదిహేనుమందిని పోగుచేసి ఆడిస్తున్నాను. అందరూ 13 నుంచి 17 ఏళ్ల వాళ్లు. గంటసేపు కబడ్డీ, పరుగు; ఆ తర్వాత కాసేపు నడక, కబుర్లు. ఆ కబుర్ల దగ్గరే నాకొక చిక్కు వచ్చిపడింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

ఈ పిల్లల్లో చాలామందికి తల్లీతండ్రీ ఇద్దరూ సిప్‌కాట్ ఫ్యాక్టరీల్లో షిఫ్టులకు వెళ్తారు. బడి నుంచి వచ్చిన పిల్లవాడికి ఎదురొచ్చేది తాళం వేసిన తలుపు, ఆ తర్వాత ఫోను. రోజుకు సగటున 60 నిమిషాలైనా పిల్లలు ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 2016 నాటి లెక్కల్లో ప్రపంచం మొత్తం మీద 11–17 ఏళ్ల వాళ్లలో నూటికి 81 మందికి ఆ మాత్రం కదలిక లేదని తేలింది. నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. పదో తరగతి ఆటల పీరియడును లెక్కల మాస్టారికి ఇచ్చేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఆటకు ఇంకొక గుణం ఉంది. ఎదురుగా కూర్చోబెట్టి ‘ఏమైందిరా’ అంటే నోరు విప్పని పిల్లవాడు, పక్కన నడుస్తూంటే తనంతట తానే చెబుతాడు. అదీ తెలుగులో చెబుతాడు. 2006 నాటి చట్టం తర్వాత మా పిల్లలకు బడిలో తమిళం తప్పనిసరి అయింది. ఉన్న ఊరి భాష నేర్చుకోవలసిందే, కాదనను. కానీ దుఃఖం ఇంటి భాషలోనే పొంగుతుంది.

కిందటేడు ఒక కుర్రవాడు కూతకు వెళ్లడం మానేసి గట్టున కూర్చోవడం మొదలుపెట్టాడు. ఒక సాయంత్రం రామనాయకన్ చెరువుకట్ట మీద నడుస్తూ, “ఎవురికీ చెప్పనని మాటిస్తే ఒకటి చెప్తా అయ్యవారూ” అన్నాడు. “చెప్పనులేరా” అన్నాను. కాసేపాగి, “నాకు బతకాలని లేదు” అన్నాడు.

పోతన భాగవతం చదివిన ఇళ్లలో పుట్టినవాళ్లం మనం. ప్రాణం మీదికి వచ్చినచోట బొంకినా దోషం లేదని శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి చెబుతాడు. బలి వినడు. మాట నిలుపుకొని సర్వం పోగొట్టుకుంటాడు. మనం తరతరాలుగా మెచ్చుకునేది శుక్రుణ్ణి కాదు, బలినే. కట్ట దిగేలోపల నాకు ఒక తేడా తట్టింది. బలి తన మాటకోసం ఒడ్డినది తన రాజ్యాన్ని, తన తలను. నేను ఒడ్డబోతున్నది మరొకరి బిడ్డను. మాట తప్పనివాడన్న పేరు నాకు దక్కుతుంది, ముప్పు వాడికి మిగులుతుంది. దాన్ని సత్యమని ఎలా అనను?

అయినా వాడికి తెలియకుండా వాళ్లమ్మ చెవిన వేయడానికి మనసొప్పలేదు. వాడితోనే అన్నాను: “ఒరే, నీకిచ్చిన మాట తప్పుతున్నాను. నీకు చెప్పే తప్పుతున్నాను. ఇద్దరం కలిసి అమ్మ దగ్గరికి పోదాం.” వాడు నా ముఖంలోకి చూసి, “మీరూ ఇంతేనా అయ్యవారూ” అన్నాడు. వాళ్లమ్మ షిఫ్టు దిగి వచ్చేదాకా వాడి పక్కనే అరుగు మీద కూర్చున్నాను. ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

మర్నాడు బెంగళూరు వెళ్లాం. మా ఊరి పేరున్న హోసూరు రోడ్డు మీదే నిమ్హాన్స్ ఉంది. ఆ సంస్థ 2015–16లో జరిపిన జాతీయ సర్వేలో 13–17 ఏళ్ల పిల్లల్లో నూటికి 7.3 మందికి ఏదో ఒక మానసిక వ్యాధి ఉన్నట్టు తేలింది. ‘నా బిడ్డకు పిచ్చా’ అని ఏడుస్తున్న ఆ తల్లికి ఆ మాటే చెప్పాను. వాడు కోలుకున్నాడు. అది వైద్యుల పుణ్యం. ఆడించేవాడు వైద్యుడు కాడు. వైద్యుడి దాకా తోడు వెళ్లగలడు, అంతే.

వాడు చాలా రోజులు మైదానం వైపు రాలేదు. ఒకనాడు వచ్చి గీత బయట నిలబడ్డాడు. “ఒకడు తక్కువైనాడు, రా” అన్నాను. వచ్చాడు. మునుపటిలా నాతో మనసు విప్పి మాట్లాడతాడా అంటే, లేదు.

తర్వాత ఆలోచిస్తే తెలిసింది, నా తప్పు మాట తప్పడంలో లేదు, ఇవ్వడంలో ఉంది. పిల్లవాడు తల్లికి చెప్పనిది నాకు చెబుతున్నాడన్న ముచ్చటలో పడి, నిలుపుకోలేని మాట ఇచ్చాను. ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్లకు మొదటిరోజే చెబుతున్నాను: “మీ సంగతులు నా దగ్గరే ఉంటాయి. ప్రాణానికి ముప్పు అనిపించినది మాత్రం నా దగ్గర ఆగదు.” 14416 నంబరు కూడా రాయించి పెట్టాను. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ టెలిమానస్‌కు రాత్రింబవళ్లు ఉచితంగా ఫోను చేయవచ్చు. మనం ఏ రాష్ట్రంలో ఉన్నా తెలుగులో మాట్లాడవచ్చు.

అలా ముందే చెబితే కొందరు అసలు నోరు విప్పరేమో? విప్పకపోవచ్చు. ఆ భయం నాకు రోజూ ఉంది. అందుకే ఎవడైనా గట్టున కూర్చుంటే వాడి మాటకోసం ఎదురుచూడను. వెళ్లి పక్కన కూర్చుంటాను.