ఖాళీ సిగరెట్టు పెట్టె: పరిగ్రహమా, జ్ఞాపకమా?

వ్రతమునకు పరీక్ష పెద్ద విషయములయందే కలుగునని మనము తలంచుచుందుము. కాని గృహస్థుని వ్రతము నిజముగా పరీక్షకు నిలుచునది చిన్న వస్తువులయందే. అట్టి చిన్న వస్తువొకటి ఈ వ్యాసమునకు విషయము. అది యుద్ధకాలపు సిగరెట్టు పెట్టె. రెండు ప్రపంచ యుద్ధములనాటి సిగరెట్టు అట్టపెట్టెలను, రేకు డబ్బాలను సేకరించి దాచుకొను అలవాటు పలు దేశములలో కలదు. తపాలా బిళ్ళలు, నాణెములు, శివకాశి అగ్గిపెట్టెల బొమ్మలు సేకరించువారి మనస్సు వీనిమీదికి పోవుటలో వింత లేదు. అయితే పొగాకు ముట్టని శ్రావకుని యింట ఈ పెట్టె ఉండవచ్చునా? దానిని కొనవచ్చునా, అమ్మవచ్చునా? పెద్దలు కోపముతోను, పిన్నలు నవ్వుతోను త్రోసివేయదగిన ప్రశ్న కాదిది.

ఈ వస్తువు మనకు దూరమైనదియు కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున బ్రిటిషు నౌకాదళపు విమానములను మరమ్మతు చేయు కేంద్రము కోయంబత్తూరులో నుండెను. సూలూరు విమానాశ్రయమును కూడ ఆ దళమువారు వాడుకొనిరి. మధురకు సమీపమున నున్న దిండిగల్లు చుట్టలకు పేరుపడిన ఊరు. ఇక తెలుగుదేశమున 1912లో ఏర్పడిన ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంటు కంపెనీ, చీరాలలో కర్మాగారము పెట్టి, గుంటూరు సీమలో వర్జీనియా పొగాకు సాగునకు దారి తీసెను. కత్తెర గుర్తు పెట్టె, హైదరాబాదు చార్మినార్ పెట్టె తెలుగువారందరు ఎరిగినవే. వీధిలో పారవేసిన పెట్టెలను పిల్లలు ఏరుకొని, ఒక్కొక్క గుర్తునకు ఒక్కొక్క విలువ కట్టి, ఆటలాడుకొన్న కాలమొకటి ఉండెను.

యుద్ధమునకును సిగరెట్టునకును గల చెలిమి ఈ పెట్టెలమీదనే కనబడును. 1914 క్రిస్మసు పండుగకు ఇంగ్లండు యువరాణి మేరీ పేరిట సైనికులకు ఇత్తడి పెట్టెలు పంచిరి. పొగత్రాగు బ్రిటిషు సైనికునికి అందులో పొగాకు, 20 సిగరెట్లు పెట్టిరి. త్రాగనివానికి మిఠాయి బిళ్ళలు, ఉత్తరములు వ్రాసికొను సామగ్రి ఇచ్చిరి. సిక్కు సైనికులకు పొగాకు నిషిద్ధమని తెలిసి, వారికి కలకండ, సుగంధద్రవ్యములు మాత్రమే పంపిరి. ఇది మనము గమనింపదగిన విషయము. పరుల వ్రతమును గౌరవించుటకు యుద్ధము నడుమ కూడ వీలు చిక్కినది. పెట్టె ఒక్కటే, లోని వస్తువు మాత్రము మారినది.

రెండవ యుద్ధమునాటి కథ వేరు. 1942లో అమెరికాలో లక్కీ స్ట్రైక్ పెట్టె ఆకుపచ్చరంగు మాని తెలుపురంగు తాల్చెను. ఆకుపచ్చ సిరాకు కావలసిన లోహము యుద్ధమునకు అవసరమని, తమ ఆకుపచ్చ యుద్ధమునకు తరలినదని కంపెనీవారు చాటించిరి. తెల్లపెట్టె కొనువారిని ఎక్కువగా ఆకర్షించునను వ్యాపారపు ఆలోచన కూడ ఆ మార్పు వెనుక నుండెను. దేశభక్తియే ప్రకటన అయినది. మన దేశమున తయారై బ్రిటిషు సైనికులకు పంచిన 'వి' సిగరెట్లకు విజయసూచకమైన అక్షరమే పేరు. కాని వాని రుచిని సైనికులు తిట్టుకొనెడివారు. పెట్టెమీది మాటకును లోని సరుకునకును ఎంత దూరమో మన వర్తకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

పెద్దల వాదము బలమైనదే. పాపము చేయుట, చేయించుట, చేసినదానిని మెచ్చుకొనుట అని మూడు విధములని మన శాస్త్రము చెప్పుచున్నది. పొగ త్రాగుటలో తన దేహమునకు హాని కలుగుటయే కాదు, అగ్నికాయ, వాయుకాయ జీవులకును హింస కలుగును. ఆ పెట్టెను అద్దాల బీరువాలో అలంకరించుట మెచ్చుకొనుట కాదా అని వారి ప్రశ్న. పొగత్రాగుటకును ఊపిరితిత్తుల క్యాన్సరునకును గల సంబంధమును 1950లో బ్రిటనున డోల్, హిల్ అను పరిశోధకులు చూపిరి. మన దేశమున 1975 నాటి చట్టము పెట్టెమీద హెచ్చరికను విధించెను. 2016 నుండి ఆ హెచ్చరిక పెట్టెలో నూటికి 85 వంతులు ఆక్రమించుచున్నది. నేటి పెట్టె చూచుటకు వికారమైనది, కాని నిజము చెప్పుచున్నది. యుద్ధకాలపు పెట్టె అందమైనది, కాని నిజమును చెప్పలేదు.

పిన్నల వాదమునను సత్యమున్నది. మధుర దగ్గరి సమణర్ మలై కొండమీద తీర్థంకరుల శిల్పములు, వట్టెళుత్తు శాసనములు వేయేండ్లకు పైబడి నిలిచియున్నవి. ఆ ప్రాంతమున జైనుల ప్రాబల్యము సన్నగిల్లిన తరువాత కూడ, కొండ క్రింద అయ్యనారును కొలుచు ఊరు ఉండగనే, అవి నిలిచినవి. కొలువనిదానిని సయితము నిలువనిచ్చుట సాధ్యమేయని ఆ కొండ చెప్పుచున్నది. అట్లే సిగరెట్టు పెట్టెను దాచుట సిగరెట్టును మెచ్చుట కానక్కరలేదు. ఇల్లు విడిచి, ఏ క్షణమున చావు వచ్చునో తెలియక కందకములో కూర్చున్న మనుష్యుని చేతిలో ఆ పెట్టె ఉండెను. దానిని చూచి కరుణ కలిగినచో అది వ్యర్థమైన వస్తువు కాదు. ఒకే వస్తువును పలువైపులనుండి చూడుమని అనేకాంతవాదము మనకు నేర్పినది గదా.

ఇక నిర్ణయమేమి? పరిగ్రహము వస్తువులో లేదు, వస్తువుమీది మమకారములో నున్నదని ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున తేల్చెను. కనుక పెట్టెను గాదు, పెట్టె ముందర మన మనస్సును పరీక్షింపవలెను. అందుకు నాకు మూడు గీటురాళ్ళు తోచుచున్నవి.

మొదటిది తెరవని పెట్టె. సిగరెట్లు లోపలనే యుండి, అంటించిన కాగితము చెదరని పెట్టెకు సేకరించువారు ఎక్కువ వెల యిత్తురు. శ్రావకుడు దానిని తెరచి, పొగాకును పారవేసి, ఖాళీ పెట్టెను ఉంచుకొనగలడా? వెల తగ్గినను చేయి వణకనివాడు జ్ఞాపకమును దాచుకొనుచున్నాడు. చేయి ఆడనివాడు ధనమును దాచుకొనుచున్నాడు.

రెండవది బేరము. ఇది మనబోటి వర్తకులకు అన్నిటికంటె కఠినమైనది. తాతగారి ఇత్తడి పెట్టెను ఒక వృద్ధురాలు పాత సామాను కొనువాని త్రాసులో వేయును. అది ఇత్తడి బరువున అమ్మదగినది కాదని ఎరిగినవాడు ఆమెకు చెప్పునా, మౌనముగా కొనునా? తప్పుడు తూనికను, నకిలీ సరుకు నంటగట్టుటను అచౌర్యవ్రతమునకు దోషములుగా పెద్దలు లెక్కించిరి. క్రొత్త కాగితమునకు పాతరంగు పూసి యుద్ధకాలపు పెట్టెయని అమ్ముట స్పష్టముగా ఆ దోషమే. ఎదుటివాని అజ్ఞానమును త్రాసున వేసి లాభము తీయుట దానికి ఎంతో దూరము కాదు. పొగాకు ముట్టని చేయి ఈ బేరమున మైలపడినచో ఆ నియమమువలన ఫలమేమి?

మూడవది ప్రదర్శన. పెట్టె ప్రక్కన ఒక చీటీ ఉండవలెను. అది ఏ యేటిది, ఎవరికి పంచినది, ఏ మాట చెప్పి అమ్మినది, అందులోని సరుకు మనుష్యునికి ఏమి చేసినది అని దానిపై వ్రాయవలెను. నాటి పెట్టె చెప్పని నిజమును నేడు మనము చేర్చినచో అది ప్రకటనగా మిగులదు, సాక్ష్యమగును. దానిని చూపి పిల్లలకు పాఠము చెప్పవచ్చును. ఇన్ని పెట్టెలకు మించి ఉంచుకొననని ముందే సంఖ్యను నియమించుకొనుట మరియు మంచిది. పరిగ్రహ పరిమాణవ్రతము పొలమునకు, బంగారమునకు మాత్రమే కాదు, అట్టముక్కలకును చెల్లును.

ఈ మూటికిని నిలిచిన యింట ఖాళీ పెట్టె ఉండుటవలన దోషము లేదని నా నమ్మకము. నిలువని యింట పెట్టె లేకపోయినను మమకారము మరియొక రూపమున బీరువాలో కూర్చుండియే యుండును. పెద్దలు పెట్టెను పారవేయించుటకు ముందు పిన్నలను ఈ మూడు ప్రశ్నలు అడిగెదరు గాక. పిన్నలు వానికి జవాబు తమ అంగడి లెక్కలలో చూపెదరు గాక. జయ జినేంద్ర.