కనబడకపోవుటయు లేకపోవుటయు

మాయొద్ద పూర్వము చదువుకొని, ప్రస్తుతము కంప్యూటరు వృత్తిలో నున్న యొక యువకుడు మొన్న వేసవిలో మమ్ము చూడవచ్చి, తాను నిర్మించిన పనిముట్టు నొకదానిని చూపెను. అది ఈ-మెయిళ్లను వెదకునది. దానిని వాడువాడు మనుష్యుడు కాడు. కృత్రిమమేధతో నడచు ఏజెంటు. యజమాని ఫలానివారి జాబు చూడుమనగా, ఏజెంటు పనిముట్టుతోడి వివరణపత్రమును చదివి, దానినిబట్టి వెదకి, ఫలితమును నివేదించును. ఆ వివరణపత్రము ఒక్క వాక్యమే: "ఈ సాధనము యజమాని ఈ-మెయిళ్లను వెదకి యిచ్చును."

ఆ యొక్క వాక్యము చేసిన చేటు విని మే మీ వ్యాసమునకు పూనుకొంటిమి. యువకునికిని వాని పినతండ్రికిని ఉమ్మడి యింటి మరమ్మతు సొమ్మునుగూర్చి లెక్క తేలవలసి యుండెను. తన వంతు పంపితిననియు, పంపినట్లు జాబుకూడ వ్రాసితిననియు పినతండ్రి చెప్పెను. యువకుడు ఏజెంటు నడుగగా "అట్టి జాబు లేదు" అని యది బదులు చెప్పెను. ఆ మాట నమ్మి యీతడు పెద్దవానిని అబద్ధమాడితివనెను. రెండు వారములు వారి నడుమ మాటలు లేవు. తుదకు తానే కూర్చుండి వెదకగా జాబు దొరకెను. పనిముట్టు క్రొత్తవైన పది జాబులను మాత్రమే చూపి యాగును, ఇది పదునాలుగవది.

తప్పు యంత్రముదని యువకుడనెను. మే మంగీకరింపలేదు.

భాట్టమీమాంసకులును అద్వైతులును అనుపలబ్ధిని ప్రత్యేకప్రమాణముగా గ్రహించిరి. కుండ కనబడలేదు గనుక కుండ లేదని తెలియుట యట్టిది. కాని వారు యోగ్యత యను నియమమును దానికి విధించిరి. ఉండినయెడల తప్పక కనబడదగిన పరిస్థితి యుండవలెను. చీకటిగదిలో తడవక నిలుచుండి, కుండ లేదనుట చెల్లదు. గది వెలుతురుదో చీకటిదో ఏజెంటునకు తెలుపునది చాలవఱకు వివరణపత్రమే. మనమైనచో తెరను క్రిందికి జరుపుదుము, పాత పెట్టెలు తెఱతుము, మనస్సున సందేహమైన నుంచుకొందుము. దానికట్టి వెనుకటి యనుభవ మెక్కడిది? చెప్పనిదానిని ఊహించినచో నా యూహయు ప్రమాదమే. కావున "పదింటిని మాత్రమే చూపుదును" అను మాటను దాచినవాడే "లేదు" అను నబద్ధమునకు కర్త యగుచున్నాడు.

ఇది యొక్క యువకుని యజాగ్రత్త కాదు. ఈ విద్యయందట్టి మఱుగులు పెక్కు. జీమెయిలు ప్రోగ్రాములకై యిచ్చు వెదకుదారియందు, వేఱుగా కోరకున్నచో ఒక పర్యాయమునకు 100 జాబులు వచ్చును. కోరినను 500 దాటవు. స్పాము, ట్రాషు అను పెట్టెలు ప్రత్యేకముగా కోరినగాని చూడబడవు. తేదీ నిచ్చినచో అమెరికా పసిఫిక్ ప్రామాణికకాలపు అర్ధరాత్రినుండి లెక్కింతురు. అది మన గడియారమున పగలు 1-30 గంట. మన యుదయమున వచ్చిన జాబు వారి లెక్కలో నిన్నటిది! ఇది వారు తమ పత్రమునందే వ్రాసియున్నారు. దానిపై పనిముట్లు కట్టువారు ఆ మాట నేజెంటునకు చేరవేయుట లేదేమోయని మా చింత. ఐమాప్ అను పద్ధతిలో 'సిన్స్' అనిన నా తేదీ చేరును, 'బిఫోర్' అనిన చేరదు. అందే 'పీక్' అనక జాబు తెప్పించినచో, అది చదువబడినట్లు గుర్తు పడును. యజమాని చూడకయే చూచినట్లగును. చదువుటకూడ నొక చేత యగుచున్నదన్నమాట.

మఱియొకటి. జాబులో "ఇట్లు చేయుము" అని యుండినంతమాత్రమున నది ఏజెంటునకు విధి కాదు, సమాచారము మాత్రమే. ఈ భేదమును చెఱుపు మోసమునకు 2022లో సైమన్ విలిసన్ ప్రాంప్ట్ ఇంజెక్షన్ అని పేరు పెట్టెను. 2025 జూన్‌లో మైక్రోసాఫ్టు 365 కోపైలట్‌నందు, యజమాని దేనిని నొక్కకున్నను, పైవారు పంపిన యొక్క ఈ-మెయిలుచే రహస్యములు వెలికిపోగల లోపమును పరిశోధకులు బయటపెట్టిరి. సంస్థ దానిని సరిదిద్దెను. పత్రమున వ్రాసినంతనే యీ యాపద తొలగునని మేము భ్రమింపము. వెదకు నధికారమును, పంపు నధికారమును ఒక్క చేతి కీయకుండుట మేలు.

పత్రము పెరిగిన ఏజెంటునకు భారమగునని యువకుడనెను. నిజమే. పాణిని సుమారు 4000 సూత్రములతో భాషనంతటిని బిగించెను. కాని సూత్రముల నన్వయించుకొనుటకు పరిభాషలనుగూడ నందే యుంచెను. వానిని మిగుల్చుకొనుటను లాఘవమని యాయన తలపలేదు.

యువకుడు పత్రమును మరల వ్రాసి మాకు పంపెను. ఏ పెట్టెలు చూడబడునో, దొరకినవెన్నియో, చూపినవెన్నియో, మిగిలినవి యెట్లు తెప్పించుకొనవలెనో యందు గలదు. "దొరకలేదు" అనియే చెప్పవలెను గాని "లేదు" అనరాదని యొక పంక్తి చేర్చెను. పినతండ్రికి క్షమాపణ చెప్పుకొనెనట. ఆయన మాత్రము నాటినుండి సొమ్ము సంగతులన్నియు కార్డుముక్కమీదనే వ్రాయుచున్నాడు.