పాతబండి - క్రొత్తశక్తి

సంస్కార మనగా ఉన్నదానిని పాఱవేయుటయా, లేక దానిలో క్రొత్తశక్తిని నిలుపుటయా? ఈ ప్రశ్నకు పాత మోటారుబండి యొకటి మనకు చక్కని సమాధానము చెప్పుచున్నది.

అమెరికాకు పంపబడిన వోక్సువాగన్ బీటిల్ బండ్లలో 1966వ సంవత్సరపు నమూనా వఱకు 6 వోల్టుల విద్యుత్తే యుండెను; 1967 నమూనాతో 12 వోల్టులు వచ్చెను. పాతబండి దీపములు మినుకుమినుకు మనుచుండుటచే దానిని గూడ 12 వోల్టులకు మార్చుకొనువారు గలరు. వోల్టులు రెట్టింపైనచో అంతే వెలుగునకు సగము ప్రవాహము చాలును. తీగలలో వ్యర్థమగు శక్తి నాలుగవవంతునకు దిగును. కావున పైతొడుగు చెడని పాతతీగలను తీసివేయ నక్కఱలేదు. కాని బల్బులు, డైనమో, రెగ్యులేటరు, ఇగ్నిషన్ కాయిలు మొదలైనవానిని క్రొత్తశక్తికి తగినట్లు మార్చవలసి యుండును. బ్యాటరీని మాత్రమే మార్చి మీట నొక్కినచో పాతబల్బు క్షణకాలము ధగధగ వెలిగి మాడిపోవును.

మన యిండ్లలో జరుగుచున్న దిదియే. కోడలికి చదువును ఉద్యోగమును కావలయు నందుము. వంటయింటి చాకిరి, పసివారి పోషణ, ముసలివారి సేవ మాత్రము ఆమె పాలిటనే విడుతుము. ఇల్లు కలతపడినప్పుడు చదువే చెఱచిన దందుము. బల్బు మాడుట బ్యాటరీ దోషమా? మార్చవలసినదానిని మార్చనివారి దోషము గాదా? ఇంటిని కలిపియుంచు అనురాగమనెడి తీగలను తెంపుమని మేము చెప్పుట లేదు. పనుల పంపకమును మార్చుడనియే చెప్పుచున్నాము. శక్తిని పెంచగోరినవారే దానిని భరించు నమరికను గూడ కల్పింపవలయును. రేపటి యుదయమున కాఫీ కాచుట మొదలుకొని పురుషులు తమ పాలు తాము వహింతురు గాక!