గుప్తధనము

గృహస్థునకు ధనము కూడబెట్టుట ధర్మమా, లోభమా అను ప్రశ్న ప్రాచీనమైనది. రేపటి దినమును గూర్చి చింతించువాడు దైవమునందు విశ్వాసము లేనివాడని కొందఱును, ఆపదకు దాచనివాడు మూఢుడని కొందఱును వాదించుచునే యున్నారు. ఈ వాదమును మేము మరల నెత్తుకొనము. సన్న్యాసికి సంచయము దోషము. భార్యాపుత్రులు గల గృహస్థునకు సంచయము లేకుండుటయే దోషము. ఇంతవఱకు మన పాఠకులలో భిన్నాభిప్రాయ ముండదని తలంతుము. మే మిపుడు విచారింపదలచినది దీనికి తరువాతిదైన, మఱింత యిబ్బందికరమైన ప్రశ్న. ఆపదకొఱకు ధనము దాచి, ఆ సంగతి ఇంటిలో నెవ్వరికిని చెప్పని గృహస్థుడు తన ధర్మమును నెఱవేర్చినవా డగునా?

పంచతంత్రములోని మూడు చేపల కథ మన బాలురందఱు చదివినదే. రానున్న అపాయమును ముందుగా గ్రహించి మఱియొక జలాశయమునకు తరలిపోయిన అనాగతవిధాతను దూరదృష్టికి దృష్టాంతముగా మేము పాఠశాలలలో చెప్పుచుందుము. కాని ఆ కథలో సాధారణముగా గమనింపక విడిచిపెట్టు అంశ మొకటి కలదు. ఆ చేప జాలరుల మాటను విని తనలో దాచుకొనలేదు. తోడి చేపలను పిలిచి, ఇట్టి యపాయము రానున్నది, ఇట్లు చేయుద మని మొదట చెప్పినది. వినినవా రెవరు, విననివా రెవరు అనునది వేఱు మాట. మనలో అనాగతవిధాత లనిపించుకొను గృహస్థులు పలువురు ఈ మొదటి పనినే చేయరు.

విషయము స్పష్టమగుటకై ఒక ఊరిని, అందొక వృత్తిని తీసికొందము. విజయనగరము జిల్లాలో నెల్లిమర్లకు సమీపముననున్న రామతీర్థము ఉత్తరాంధ్రమున ప్రసిద్ధమైన క్షేత్రము. అచ్చటి కొండలపై బౌద్ధ జైన శిథిలములును, బోధికొండపై కోదండరామాలయమును, కోనేరును కలవు. స్వామి కల్యాణము మాఘమాసమున భీష్మైకాదశినాడు జరుగును. శివరాత్రికిని జనము విశేషముగా కూడుదురు. ఇట్టి క్షేత్రమున కొబ్బరికాయలు, పూజాసామగ్రి, పిల్లల బొమ్మలు అమ్ముకొని జీవించు చిన్న దుకాణదారు నొకని ఊహింపుడు. అతని సంపాదన ఏడాది పొడుగునను సమముగా నుండదు. కొన్ని పర్వదినములలో వచ్చినదానితో తక్కిన నెలలను గడపవలెను. కనుక అతడు దూబఱకాడు కాడు. కూడబెట్టుట అతని వృత్తియే అతనికి నేర్పినది.

కాని అతని లెక్కలన్నియు ఎచ్చట నున్నవి? అతని తలలోనే యున్నవి. పట్టణములోని టోకు వర్తకునకు ఈయవలసిన బాకీ యెంతయో, ఊరిలో అరువు పుచ్చుకొన్నవా రెవరో అతనికే తెలియును. ఎక్కట్లకు కుదువబెట్టిన ఇల్లాలి గొలుసునకు బ్యాంకువా రిచ్చిన రసీదు గల్లాపెట్టె అడుగున నున్నది. చీటి యెవరి యొద్ద, ఎన్ని వాయిదాలు మిగిలినవి, పోస్టాఫీసులో నెంత, అను సంగతులు ఇంటిలో నెవ్వరు నెఱుగరు. అడిగినచో, "నేనుండగా మీకెందుకు?" అనును. ఆ మాటలో ప్రేమ యున్నది. కాని తానుండని దినమునుగూర్చి అందొక్క ముక్కయు లేదు.

గత పదునాలుగైదు సంవత్సరములలో మన ప్రాంతమునకు వచ్చిన ఆపదలను తలచికొందము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమునొద్ద తీరమును దాటినది. దినముల తరబడి విద్యుత్తు లేదు, టెలిఫోను లేదు, ఏ.టి.ఎమ్ యంత్రములు పనిచేయలేదు. బ్యాంకులో లక్షలున్నవాడును పాలకు చిల్లర లేక నిలిచెను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తాకి, ఉద్దానములోని కొబ్బరి, జీడి తోటలను పడద్రోసెను. కొబ్బరిచెట్టు మరల నాటి ఫలము కన్నులజూచుటకు ఏండ్లు పట్టును. అచ్చట పోయినది ఒక యేటి పంట కాదు, సంపాదనకు మూలమే. 2020 మార్చి 25న లాక్‌డౌను విధింపబడినది. ఏప్రిలు 2న వచ్చిన శ్రీరామనవమికి దేశమంతటను ఆలయములు భక్తులు లేక యుండెను. ఆలయవీథులలోని దుకాణములు మూతబడినవి.

ఈ మూడును మూడు వేఱువేఱు పాఠములు. హుద్‌హుద్ చెప్పినది: కొన్ని దినముల వ్యయమునకు చాలు నగదు, ముఖ్యమైన కాగితములు నీరు చొరని సంచిలో, ఇంటిలోనే యుండవలెను. లాక్‌డౌను చెప్పినది: మూడు నెలలైనను, కుదిరిన ఆఱు నెలలైనను, సంపాదన లేకయే ఇల్లు నడుచునంత సొమ్ము వేఱుగా నుండవలెను, దుకాణపు పెట్టుబడిని ఇంటివ్యయమును ఒకే పెట్టెలో కలుపరాదు. తిత్లీ చెప్పినది: మూలమే పోవునపుడు దాచిన సొమ్ము చాలదు, బీమా కావలెను. ఈ పాఠములను మనవారు కొంత నేర్చికొనిరి. కాని ఈ ఆపదలన్నిటిలోను ఇంటి యజమాని బ్రదికియుండెనను అభిప్రాయముతోనే ఈ ఏర్పాట్లన్నియు చేయబడినవి. అతడే లేనపుడు, లేక మాటపడిపోయి మంచమున నున్నపుడు, పై మూడు ఏర్పాట్లలో నేదియు పనిచేయదు. వానిని పనిచేయించు ఎఱుక ఇంకొకరికి లేదు గనుక. 2020, 2021 సంవత్సరములలో కరోనా వ్యాధిచే ఆసుపత్రులలో చేర్పబడి, ఇంటివారితో మాటాడు అవకాశమైన లేకయే మరణించినవారి కుటుంబములు ఈ సత్యమును మిక్కిలి ప్రియమైన వెలకు తెలిసికొన్నవి.

ఇది ఏ కొన్ని యిండ్ల సంగతియో అని తలంపరాదు. పదియేండ్లు ఎవరును తాకని బ్యాంకు డిపాజిట్లు రిజర్వు బ్యాంకువారి యొక నిధికి చేరును. 2024 మార్చి నెలాఖరునకు ఆ నిధిలోనున్న మొత్తము 78,213 కోట్ల రూపాయలు. ఇదంతయు రహస్యము వలననే చేరిన దనుట న్యాయము కాదు. ఊరు మాఱినవారు, చిన్న మొత్తములను మఱచినవారు నుందురు. కాని తండ్రికి ఖాతా కలదని ఎఱుగని బిడ్డల సొమ్ము అందు లేదని ఎవరనగలరు? వారసులు కోరినచో ఆ సొమ్మును తిరిగి పొందవచ్చును. వెదకుటకై 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకువారు ఉద్గమ్ అను ఏర్పాటును చేసిరి. అయినను వెదుకవలెనని తోచుటకైన, వెదుకదగిన దున్నదని తెలియవలెను గదా.

ఇట్టిదే మఱియొకటి. ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమాకు ఏటికి 436 రూపాయలు, సురక్షా బీమాకు 20 రూపాయలు. మొదటిది ఏ కారణముచే మరణించినను, రెండవది ప్రమాదముచే మరణించినను, రెండేసి లక్షల నిచ్చును. ఈ రుసుము ఖాతానుండి దానంతట అదియే తగ్గును. చెల్లించు సులభతయే ఇచ్చట మఱపునకు కారణము: చెల్లించినవానికే జ్ఞప్తి యుండదు, ఇక ఇల్లాలి కెట్లు తెలియును?

గోప్యమునకు మనవారు చెప్పు సమాధానములు మూడు. మొదటిది, మరణమునుగూర్చి మాటాడుట అశుభ మనునది. 1744లో స్కాట్లండున రాబర్టు వాలెసు, అలెగ్జాండరు వెబ్‌స్టరు అను ఇద్దఱు మతాచార్యులు, తమ తోడి ఆచార్యులలో ఏటేట ఎందఱు మరణింతురో, ఎందఱు వితంతువులు మిగులుదురో లెక్కకట్టి, ఆ లెక్కపై ఒక నిధిని నెలకొల్పిరి. దైవభక్తులైన వారికి ఆ లెక్క అశుభముగా తోచలేదు, దయగా తోచినది. మనమును శ్రాద్ధకర్మలకు తిథివారనక్షత్రములు తప్పక లెక్కించు జాతివారమే. పోయినవారికొఱకు ఇంత లెక్క చూచువారము, మిగులువారికొఱకు కొంత లెక్క చూచిన నేమి దోషము?

రెండవది, స్త్రీలకు లెక్కలు తెలియ వనునది. 2000లో వెలుగు పథకము మొదట ప్రవేశపెట్టబడిన ఆఱు జిల్లాలలో శ్రీకాకుళము, విజయనగరము రెండును కలవు. నాటినుండి మన గ్రామములలో స్త్రీలు పొదుపు సంఘముల పుస్తకములు వ్రాయుచున్నారు, తీర్మానములు చేయుచున్నారు, అప్పులిచ్చి రాబట్టుచున్నారు. సంఘపు లెక్క నడుపగల యిల్లాలు ఇంటి లెక్కను నడుపలేదనుట హాస్యాస్పదము.

మూడవది, చెప్పినచో ఖర్చగు ననునది. ఇందు కొంత సత్యమున్నను, అది రహస్యముననే పుట్టిన సత్యము. ఎంత కలదో తెలియనివారు ఎంత కోరవలెనో కూడ ఎఱుగరు. ఇంటి బాకీ ఎఱిగిన కుమారుడు కొత్త వాహనమునకై పట్టుపట్టడు. మఱియు రహస్యము ఇల్లాలికిని అలవాటగును. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు రద్దయినపుడు పోపులపెట్టెలలోను బియ్యపు డబ్బాలలోను ఏండ్ల తరబడి దాచిన నోట్లు బయటపడినవి. నవ్వినవారు పెక్కుమంది. కాని ఆమె ఏల దాచినది? ఇంటి లెక్కలో తనకు చోటు లేదు గనుక తనదొక లెక్కను కల్పించుకొన్నది. భర్త తన పుస్తకమును తెఱచిననాడు ఆమెయు తన పెట్టెను తెఱచును.

రహస్యమువలన మఱియొక నష్టము కలదు. ఒంటరిగా నిర్ణయించువానికి వలదనువాడు లేడు. 1906 అక్టోబరులో మద్రాసునందు అర్బత్‌నాట్ కంపెనీ కూలినపుడు దానిని నమ్మిన గృహస్థులెందఱో సర్వస్వము కోల్పోయిరి. నేడు బ్యాంకు డిపాజిట్లకు ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల వఱకు బీమా కలదు. ఈ హద్దు 2020 ఫిబ్రవరి 4 నుండి అమలులోనున్నది. ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములలోని సొమ్మునకుగాని, అధిక వడ్డీ చూపు కంపెనీలలోని సొమ్మునకుగాని ఈ రక్షణ లేదు. ఈ సంగతి రాత్రి భోజనానంతరము ఇంటిలో నలుగురును మాటాడుకొన్నచో, అందొకరైనను "ఇంత వడ్డీ ఎట్లిత్తురు?" అని అడుగకపోరు. ఆ ప్రశ్న యొక్కటి ఎన్ని ఇండ్లను కాపాడగలదు!

అట్లయిన చేయదగిన దేమి? ఒక నోటుపుస్తకము చాలును. ఖాతాలు, డిపాజిట్లు, బీమాలు, చీటీలు, కుదువసొమ్ములు, భూమి కాగితములు ఎచ్చటెచ్చట నున్నవో అందు వ్రాయవలెను. ఇచ్చిన అప్పులకంటె తెచ్చిన అప్పులను ముందు వ్రాయవలెను. దాచిన ధనముకంటె దాచిన అప్పే కుటుంబమునకు ఎక్కువ అపాయము. రహస్య సంకేతాంకములను మాత్రము అందు వ్రాయరాదు. ప్రతి ఖాతాకు నామినీ ఎవరో సరిచూడవలెను. పెండ్లికి పూర్వము వ్రాసిన అన్నగారి పేరే నేటికిని ఉండిపోవుట సామాన్యము. బ్యాంకు సొమ్మునకు నామినీ అందుకొనువాడే కాని వారసుడు కాడు. కనుక వీలునామా వేఱుగా వ్రాయుట మంచిది. 2025 నవంబరు 1 నుండి బ్యాంకు డిపాజిట్టునకు నలుగురి వఱకు నామినీలుగా నుండవచ్చును. అప్పుపై వ్యాపారము చేయువారు 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టమును తెలిసికొనదగును. దాని 6వ సెక్షను ననుసరించి భర్త తన ప్రాణముపై భార్యాబిడ్డల లబ్ధికై తీసికొనిన బీమా వారి సొత్తుగా ధర్మనిధి యగును. మోసపు తలంపుతో తీసికొన్నది కానిచో అప్పులవారు దానిని తాకజాలరు. బీమా తీసికొనునపుడే ఆ మాట వ్రాయింపవలెను.

కన్యాశుల్కము మొదట ఆడబడినది 1892లో మన విజయనగరముననే. నాటి సంస్కర్తలు వితంతువు దుస్థితికి ఆచారము కారణమని పోరాడిరి. ఆ పోరాటము వృథా కాలేదు. కాని నేడు భర్తను కోల్పోయిన యిల్లాలు, దుఃఖము తీఱకముందే కాగితములు వెదకుచు, ఎవరో వచ్చి చూపిన ప్రోనోటు నిజమో అబద్ధమో తెలియక, కార్యాలయముల మెట్లెక్కుచున్నది. ఈ దుస్థితికి ఆచారమును నిందింప వీలులేదు. ఆమెను మిక్కిలి ప్రేమించిన భర్తయే దీనికి కారకుడు.

కనుక మొదటి ప్రశ్నకు మా సమాధాన మిది. దాచుట ధర్మములో సగము. తెలుపుట తక్కిన సగము. రెండవ సగము లేనిచో మొదటిది ఇతరుల రక్షణకై చేసిన పనిగాక, తన అధికారమును నిలుపుకొనుటకై చేసిన పని యగును.

ఏటేట ఉగాదినాడు పంచాంగశ్రవణమునకు కూర్చుండి, మన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని శ్రద్ధతో విందుము. అది ముగిసి ఇంటికి వచ్చిన పిమ్మట, పచ్చడి తినిన చేతులు కడుగుకొని, భార్యను, ఎదిగిన కుమారులను కుమార్తెలను కూర్చుండబెట్టుకొని, మన ఇంటి ఆదాయవ్యయములను కూడ ఒక గడియ చదివి వినిపింతముగాక. మాఱినదానిని అప్పుడే దిద్దవచ్చును. ఇందులకు పురోహితుడు వలదు, దక్షిణ వలదు. గృహస్థుడు నోరు తెఱచిన చాలును.